హెచ్ఆర్‌లో పీజీ చేద్దామనుకుంటున్నారా? ముందు సిలబస్ తెరవండి

"నాకు మనుషులతో మాట్లాడటం ఇష్టం, అందుకే హెచ్ఆర్ తీసుకుంటా" అనేవాళ్లు ప్రతి డిగ్రీ క్లాసులో నలుగురైనా ఉంటారు. ఇష్టం మంచిదే, కానీ ఈ ఉద్యోగంలో మాట్లాడేదానికన్నా వినేదే ఎక్కువ, అదీ కోపంగా ఉన్నవాళ్లు చెప్పేది.

ముందు ఏ హెచ్ఆర్ కావాలో తేల్చుకోండి. ఐటీ కంపెనీకి మనుషుల్ని వెతికిపెట్టడం, ట్రైనింగ్‌లు, అప్రైజల్స్ ఒక దారి. ఫ్యాక్టరీలోనో గనిలోనో యూనియన్‌తో కూర్చుని వేతన ఒప్పందం కుదర్చడం, సస్పెండైన మనిషి మీద విచారణ నడపడం, బోనస్ గొడవ సమ్మె దాకా పోకుండా చూడటం ఇంకో దారి. దీన్ని ఇప్పుడు ఎంప్లాయీ రిలేషన్స్ అంటున్నారు, పాతవాళ్లకి ఐఆర్ (ఇండస్ట్రియల్ రిలేషన్స్) అంటేనే అర్థమవుతుంది. నేను చెప్పేది ఈ రెండో దారి గురించే.

రెండో పని, సిలబస్ డౌన్‌లోడ్ చేసి కార్మిక చట్టాలకి ఎన్ని పేపర్లున్నాయో లెక్కపెట్టడం. మామూలు ఎంబీఏలో హెచ్ఆర్ తీసుకుంటే ఈ చట్టాలన్నీ ఒకటి రెండు పేపర్లలో ముగిసిపోవచ్చు. 1949లో జంషెడ్‌పూర్‌లో పెట్టిన ఎక్స్ఎల్ఆర్ఐ పేరులో ఎల్ఆర్ అంటే లేబర్ రిలేషన్సే, ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లో కోర్సు పేరే హెచ్ఆర్ఎం (హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్) అండ్ లేబర్ రిలేషన్స్. మన దగ్గర విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో హెచ్ఆర్ఎం మాస్టర్స్ కోర్సు ఎంహెచ్ఆర్ఎం ఉంది, చుట్టూ స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్, పోర్టు ఉన్న ఊళ్లో ఈ చదువు చదవడం చిన్న లాభమేం కాదు.

పరీక్షల సంగతి త్వరగా చెప్పేస్తా. ఎక్స్ఎల్ఆర్ఐకి జనవరి మొదట్లో జరిగే ఎక్స్ఏటీ (XAT) రాయాలి. టిస్ ఒకప్పుడు సొంత పరీక్ష పెట్టేది, ఇప్పుడు ఈ కోర్సుకి క్యాట్ స్కోరు చూస్తోంది, క్యాట్ నవంబర్ చివర్లో ఉంటుంది. ఏ డిగ్రీ అయినా పర్లేదు. రాష్ట్ర కాలేజీల్లో ఎంబీఏకి ఐసెట్.

ఫీజు కట్టే ముందు ఏదైనా ప్రభుత్వ రంగ సంస్థ పాత హెచ్ఆర్ నోటిఫికేషన్ తీసి అర్హత లైను చదవండి. రెండేళ్ల ఫుల్‌టైమ్ పీజీ అనో, రెండు స్పెషలైజేషన్లుంటే ఒకటి హెచ్ఆర్ అయ్యుండాలనో రాస్తారు. దూరవిద్యలో చేసి తర్వాత ఈ లైను చూసుకుని తలపట్టుకున్నవాళ్లు ఉన్నారు.

చేరాక అసలు కుస్తీ చట్టంతోనే. 29 పాత చట్టాల్ని కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చాయి, కాబట్టి సీనియర్ల నోట్స్ జిరాక్స్ తీయించుకుని కూర్చుంటే కుదరదు. ఉదాహరణకి ఫ్యాక్టరీలో మనుషుల్ని తగ్గించాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన హద్దు 100 మంది నుంచి 300కి పెరిగింది. దీనివల్ల ఎవరికి లాభమో యూనియన్ మనిషినీ మేనేజర్నీ విడివిడిగా అడగండి, రెండు వేరే చట్టాల గురించి విన్నట్టుంటుంది. అలాగని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టాన్ని అవతల పడేయకండి, కోర్టు తీర్పుల్లో ఎక్కువ భాగం దాని మీదే ఉన్నాయి.

లెక్కలు చేత్తో వేయడం అలవాటు చేసుకోండి. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26,000, సర్వీసు 10 ఏళ్లు అనుకుందాం. నెలకి 26 పనిదినాలు, ఏడాది సర్వీసుకి 15 రోజుల జీతం లెక్కన 26తో భాగించి 15తో గుణిస్తే 15,000, దాన్ని పదేళ్లతో గుణిస్తే గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు ఒకేసారి ఇచ్చే మొత్తం, 1,50,000. సాఫ్ట్‌వేరే వేస్తుంది నిజమే, కానీ రిటైరవుతున్న మనిషి మీ టేబుల్ ముందు నిలబడి "ఇదెలా వచ్చింది సార్" అంటే స్క్రీన్ చూపిస్తే సరిపోదు.

ఇంటర్న్‌షిప్‌కి వీలైతే ఏసీ ఆఫీసు వదిలేసి యూనియన్ ఉన్న చోటు వెతకండి. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని, అంటే యాజమాన్యంతో కార్మికుల తరఫున మాట్లాడే యూనియన్‌ని, కార్మికులే రహస్య ఓటింగ్‌తో ఎన్నుకుంటున్నారు, 2023 డిసెంబర్ 27న జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ గెలిచింది. అలాంటి చోట నెల రోజులు తిరిగితే సామూహిక బేరసారాల (కార్మికులంతా యూనియన్ ద్వారా యాజమాన్యంతో ఒప్పందం కుదుర్చుకోవడం) పాఠం వేరే చదవక్కర్లేదు. పాఠం అంటే గుర్తొచ్చింది, పుస్తకాల్లో గిరి విధానం అని కనిపించేది మన మాజీ రాష్ట్రపతి వి.వి. గిరి గారిదే. వివాదం కోర్టులకెక్కేకన్నా రెండు పక్షాలూ కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన పట్టుదల. 1954లో బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును (తీర్పును) ప్రభుత్వం మార్చినందుకు కేంద్ర కార్మిక మంత్రి పదవికే రాజీనామా చేశారు.

రెండో ఏడాదిలో యూజీసీ నెట్‌కి (లెక్చరర్ అర్హత పరీక్ష) కూడా అప్లై చేయండి, హెచ్ఆర్ నియామకాలకి కొన్ని ప్రభుత్వ రంగ సంస్థలు ఆ స్కోరు చూసిన సందర్భాలున్నాయి. సబ్జెక్ట్ కోడ్ 55. లేబర్ వెల్ఫేర్‌తో మొదలై హెచ్ఆర్ఎంతో ముగిసే ఆ రెండు లైన్ల పేరు చూసి వేరే సబ్జెక్ట్ అనుకునేరు, అది మీదే.