పాత స్టీలు రేసు సైకిల్ ఫ్రేముకు మళ్లీ రంగు వేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

పాత స్టీలు రేసు సైకిల్‌ను విప్పి, రంగు గీకి, కొత్తగా పూత వేయించుకోవాలనుకునేవారికి మన ఉత్తర తెలంగాణ వాతావరణంలో అనువుగా దొరికేది దసరా వెళ్లినప్పటి నుంచి శివరాత్రి దాకా ఉండే నాలుగైదు నెలలే. రోహిణి కార్తె ఎండల్లో స్ప్రే గన్ను మూతి నుంచి ఫ్రేముకు చేరేలోపే థిన్నర్ ఆవిరైపోయి రంగు పొడిపొడిగా, ఉప్పుకాగితంలా గరుకుగా పడుతుంది. మిరుగం మొదలైన తరువాత గాలిలోని తేమ వల్ల పూత మీద తెల్లటి మసక కమ్ముతుంది. అంతకన్నా ముఖ్యంగా, రంగు తీసేసిన ఇనుముకు ఒక్క రాత్రిలోనే జంగు పడుతుంది.

ఈ సంగతి నాకు అనుభవం మీదే తెలిసింది. హన్మకొండలో ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక ఆగస్టు సాయంత్రం తళతళలాడేలా గీకిన ఫ్రేమును, ప్రైమర్ తెల్లారి వేద్దాంలే అని గోనెపట్టా కప్పి వదిలేశాను. పొద్దున పట్టా తీసి చూస్తే పైగొట్టం మీద నా నాలుగు వేళ్ల ముద్రలు, వాటి గీతలతో సహా, ఎర్రటి తుప్పుతో అచ్చు వేసినట్టు కనిపించాయి. చేతి చెమటలోని ఉప్పు చేసిన పని అది. అందుకే గీకడం పూర్తయిన రోజే తొడుగులు వేసుకుని, థిన్నర్ గుడ్డతో జిడ్డు తుడిచి, ఎపాక్సీ ప్రైమర్ ఒక పూత వేసేయాలి. గాలిలో తేమ 85 శాతానికి లోపల, లోహపు ఉష్ణోగ్రత మంచు బిందువుకన్నా (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా ఉండాలన్నది పూతల పనిలో పాటించే లెక్క. చలికాలంలోనూ పొద్దున్నే ఫ్రేముకు చెమ్మ పట్టి ఉంటుంది కనుక పది గంటలు దాటాకే మొదలుపెట్టడం మేలు.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఆ ఫ్రేము అంత శ్రమకు తగినదో కాదో తేల్చుకోవాలి. హ్యాండిల్ కూర్చునే ముందు గొట్టానికి, అంటే హెడ్ ట్యూబ్‌కు వెనక, పైగొట్టం, కిందిగొట్టం అడుగుభాగాన్ని వేలితో నెమ్మదిగా తడిమినప్పుడు చిన్న ఉబ్బు తగిలినా, రంగు అడ్డంగా చిట్లి కనిపించినా, ఆ సైకిల్ ఎప్పుడో దేనినో గుద్దుకున్నదని అనుమానించాలి. తరువాత వెనక చక్రం కూర్చునే ఒక డ్రాపౌట్‌కు సన్నని గట్టి దారం కట్టి, హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి తెచ్చి, రెండో డ్రాపౌట్‌కు బిగించి, సీటు గొట్టానికి ఆ దారం రెండు వైపులా ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవాలి. తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటితే ముందు ఫ్రేమును సరిచేయించాలి. 2020 ఆగస్టులోనూ 2023 జూలైలోనూ మన కాలనీల్లోకి వచ్చిన వరదలో నానిన సైకిళ్లకు జంగు లోపలి నుంచి తింటుంది కనుక, పెడల్ ఇరుసు కూర్చునే గొట్టం అడుగున స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడడం తప్పనిసరి.

విప్పేటప్పుడు బలప్రయోగం పనికిరాదు. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుందని చాలామందికి తెలుసు. ఇంగ్లీషు కొలత ఫ్రేముల్లో గొలుసు వైపు బి.బి. కప్పుకూ (పెడల్ ఇరుసు బేరింగును పట్టి ఉంచే మరల గిన్నె) అలాగే ఉంటుందని మరిచిపోయి, పానాకు పైపు తగిలించి మరీ బిగించేస్తుంటారు. ఇటలీ ఫ్రేములకు మాత్రం రెండు వైపులా మామూలు మరే. పెడల్ చేతిని (క్రాంకును) ఇరుసుకు బిగించే కాటర్ పిన్నులు ఉన్న సైకిళ్లలో క్రాంకు కింద గట్టి ఆధారం పెట్టకుండా సుత్తె వేస్తే ఆ దెబ్బ బేరింగులకు తగులుతుంది. ఫ్రేము నంబరును ఫోటో తీసుకోవాలి, దాని మీద గ్రైండర్ తగలనీయకూడదు.

అసలు ప్రమాదం పాత రంగు తీయడంలో ఉంది. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచే అమలులోకి వచ్చింది కనుక, అంతకు దశాబ్దాల ముందు వేసిన సైకిల్ రంగులో సీసం ఉందనుకునే పని చేయాలి. పొడిగా రుద్దకుండా వాటర్ పేపర్‌ను నీళ్లలో తడుపుతూ రుద్ది, ఆ మడ్డిని వాకిట్లో పారబోయకుండా డబ్బాలో పట్టాలి; పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకూడదు. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న రిమూవర్ ఆవిరి గాలికన్నా బరువైనది, మూసిన గదిలో మనిషి స్పృహ తప్పి ప్రాణం పోయేంత ప్రమాదకరమైనది. జంగు పోతుందని బాత్రూం యాసిడ్ పోసేవారున్నారు. అది లోహాన్ని పెళుసుగా మార్చవచ్చు, దాని పొగకు షెడ్డులోని మిగతా పనిముట్లన్నీ తుప్పు పడతాయి. ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన రస్ట్ రిమూవర్ చాలు.

గేట్లు, గ్రిల్స్ శుభ్రం చేసే చోట ఇసుక బ్లాస్టింగ్‌కు ఇవ్వకండి. 1935లో వచ్చిన రేనాల్డ్స్ 531 రకం స్టీలు వంటి డబుల్ బటెడ్ (చివర్లు మందంగా, మధ్య పలుచగా ఉండే) గొట్టాల్లో మధ్యభాగం మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ మాత్రమే ఉంటుంది. గేటును కొట్టే ఒత్తిడితో కొడితే గొట్టం గుంటలు పడుతుంది. పౌడర్ కోటింగ్ పొయ్యిలోని 180–200 డిగ్రీల వేడికి గొట్టాలు కలిసే చోట ఉండే లగ్గుల్లోని ఇత్తడి అతుకులు చెక్కుచెదరవు గానీ, మరలకు మాస్కింగ్ చేయకపోతే కప్పులు మళ్లీ ఎక్కవు.

స్ప్రే విషయంలో నా అభిప్రాయం స్పష్టం: హార్డెనర్ కలిపే రెండు డబ్బాల పాలియురెథేన్ రంగును ఇంట్లో కొట్టకూడదు. అందులోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెప్పిస్తాయి, వాటిని వాసనతో పసిగట్టలేము, దుమ్ము మాస్కు వాటిని ఆపదు. బయటి నుంచి గాలి అందే మాస్కు, బూత్ ఉన్న కార్ల పెయింటింగ్ షెడ్డుకు ఇవ్వడమే మంచిది. ఇంట్లో సింథటిక్ ఎనామెల్ కొట్టినా ఆవిరిని వడగట్టే కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకోవాలి. థిన్నర్ ఆవిరి నేల వెంట పాకుతుంది కనుక గ్యాసు పొయ్యి, అగరుబత్తి, సాయంత్రం తులసికోట దగ్గర పెట్టే దీపం ఏవీ ఆ దరిదాపుల్లో వెలగకూడదు.

రంగు తాకితే ఆరినట్టే అనిపించినా కనీసం రెండు వారాలు క్లాంపులు బిగించకుండా ఆగాలి. తరువాత గొట్టాల లోపల జంగు పట్టకుండా మరిగించిన అవిసె నూనె పోసి, తిప్పి, వంపేస్తారు. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లు పోసిన రేకు డబ్బాలో ముంచి మూత పెట్టాలి.