ద్వేషం ధర్మమేనా? ఇలా పరీక్షించుకోండి

ఉమ్మడి వ్యాపారంలో నన్ను ముంచిన మనిషిని పదకొండేళ్లు ద్వేషించాను, అదీ దేవుణ్ణి సాక్షిగా పెట్టుకుని. కాబట్టి ఇది పండితుడి మాట కాదు.

ముందు మీ ద్వేషాన్ని కాగితం మీద ఒక్క వాక్యంలో రాయండి. "వాడంటే అసహ్యం" అని వచ్చిందా? కొట్టేసి "వాడు చేసిన మోసమంటే అసహ్యం" అని రాయండి. కలం ఆగిపోతే రోగం ఎక్కడుందో తెలిసినట్టే. బైబిల్లోని 97వ కీర్తన అసహ్యించుకోమన్నది చెడుతనాన్ని.

139వ కీర్తనలో దేవుని శత్రువులను పూర్తిగా ద్వేషిస్తున్నానన్న మాట ఉంది కదా అంటారు. నేనూ ఆ వచనం చాటునే దాక్కున్నాను. ఆ వెంటనే వచ్చే రెండు వచనాలూ చదవండి: నన్ను పరిశోధించు, నాలో చెడ్డ మార్గం ఉందేమో చూడు అనే ప్రార్థన. శత్రువు మీద మొదలైన వేలు తనవైపే తిరిగింది!

అలాగని చేతులు ముడుచుకోనక్కర్లేదు. గీత 12వ అధ్యాయంలో భక్తుడి లక్షణాల్లో మొదటిది "అద్వేష్టా", ఏ ప్రాణినీ ద్వేషించనివాడు. ఆ మాట చెప్పింది అర్జునుణ్ణి యుద్ధానికి లెమ్మన్న కృష్ణుడే. కేసు వేయండి, బాకీ అడగండి.

చివరి పరీక్ష ఖురాన్ 5:8 నుంచి: ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురిగొల్పకూడదు. అవతలివాడి పక్షాన ఉన్న నిజం ఒక్కటి రాయండి. పాత లెక్కల్లో అతను సరిగ్గా చూపిన ఒక పద్దు ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.