వజ్రేశ్వరి వేడినీళ్లకు ఇంటిల్లిపాదీ వెళ్తుంటే

మహారాష్ట్రలో ముంబయి దగ్గరున్న మగ్గాల ఊరు భివండీలో, మా తెలుగువాళ్లుండే పద్మనగర్‌లో ఎవరింటికి చుట్టాలొచ్చినా వేడినీటి ఊటలున్న వజ్రేశ్వరి తీసుకెళ్లాల్సిందే. "మోకాళ్ల నొప్పులకు ఆ నీళ్లు మంచివట" అని ఎవరో ఒకరు అనేస్తారు, కరీంనగర్ నుంచి వచ్చిన అత్తమ్మ రాత్రికే సంచి సర్దేస్తుంది. మీ ఇంట్లోనూ అంతే అయితే, ముందు మంచి రోజు చూసుకోండి. పంచాంగంలో కాదు, జనం తక్కువుండే రోజు. ఆదివారం ముంబయి, వసయి అంతా అక్కడే ఉంటుంది. మాకు మగ్గాల సెలవు శుక్రవారం కాబట్టి ఆ బాధ తప్పింది. శివరాత్రికి, నవరాత్రులకు, చైత్ర అమావాస్య జాతరకు వెళ్తే దర్శనంతో సరిపెట్టుకోండి. వానాకాలం అసలే వద్దు. వజ్రేశ్వరి దగ్గరి అక్లోలీలో గుండాలు, అంటే వేడినీటి కొలనులు, తాన్సా నదిని ఆనుకునే ఉంటాయి, నది పొంగితే నమ్మడానికి లేదు. డిసెంబరు, జనవరిలో తెల్లారుజామున వెళ్తే ఆ హాయే వేరు.

భివండీ నుంచి వాడా రోడ్డులో అంబాడీ నాకా (కూడలి) దాకా పోయి ఎడమకు తిరగాలి. రోడ్డు గుంతలమయం, నడుం నొప్పి ఉన్నవాళ్లను వెనక సీట్లో కూర్చోబెట్టకండి. రైల్లో వచ్చేవాళ్లు వసయి రోడ్డులో దిగితే ఎస్టీ (ప్రభుత్వ) బస్సు దొరుకుతుంది.

స్నానానికి రెండు చోట్లున్నాయి, రెండూ వజ్రేశ్వరి గుడికి దగ్గరే. అక్లోలీలో రామేశ్వర్ గుడి పక్కన గుండాలు, గణేశ్‌పురిలో భీమేశ్వర్ గుడి పక్కన గుండాలు. ముసలివాళ్లు ఉంటే నేను గణేశ్‌పురికే ఓటేస్తాను, నిత్యానంద స్వామి సమాధి దర్శనం కూడా అయిపోతుంది. పిల్లలకేమో అక్లోలీ సందడి నచ్చుతుంది. నలుగురిలో స్నానం చేయడం ఇష్టంలేని ఆడవాళ్లు అక్లోలీలోనే లాడ్జి గది అడగండి. గంటల లెక్కన ఇస్తే సరే, కానీ వేడినీళ్ల తొట్టి చూశాకే డబ్బులివ్వండి.

ఇక అసలు సంగతి. గుండాలన్నీ ఒకే వేడిలో ఉండవు. ఒకదాంట్లో పిల్లలు ఈదుతుంటారు, పక్కదాంట్లో కాలు పెడితే కెవ్వుమంటారు. అందుకే వెళ్లగానే దిగకండి. అక్కడ రోజూ స్నానం చేసే పెద్దమనిషిని ఎవరినైనా "కాకా, ఏది తక్కువ వేడి?" అని అడగండి, చూపిస్తారు. ముందు చెంబుతో పాదాల మీద, తర్వాత మోకాళ్ల మీద, ఆ తర్వాత భుజాల మీద పోసుకోండి. ఒళ్లు అలవాటు పడ్డాక మెట్టు మీద కూర్చుని నడుం దాకా దిగండి. పది నిమిషాలు చాలు, బయటికొచ్చి మంచినీళ్లు తాగి, కావాలంటే మళ్లీ దిగండి. మా అత్తమ్మకు ఈ "బయటికి రావడం" దగ్గరే పేచీ. డబ్బు పెట్టి వచ్చాం కదా, ఇంకాసేపు అంటుంది. కళ్లు తిరిగితే ఆ నాచు మెట్ల మీద పట్టుకునేవాళ్లుండరు. గర్భిణులు, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా దిగొద్దు. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లకు వేడి తెలియదు, బొబ్బలెక్కాక తెలుస్తుంది. చంటిపిల్లలకు బకెట్లో చల్లార్చి పోయండి.

సబ్బు, షాంపూ ఇంట్లోనే వదిలి రండి. పట్టీలు, ఉంగరాలు కూడా. పాత నైటీనో చుడీదారో మేలు, తడిసిన చీరతో మెట్లెక్కడం కష్టం.

వజ్రేశ్వరి అమ్మవారు చంపిన రాక్షసుల నెత్తురే ఇలా వేడినీళ్లయిందని అక్కడ చెబుతారు. మా అబ్బాయి ఒప్పుకోడు. వాననీరు రాతి పగుళ్లలోంచి లోతుకు దిగి, అడుగున కాగి పైకొస్తుందట. రత్నగిరి జిల్లా రాజాపూర్ దాకా కొంకణంలో ఇలాంటి ఊటలు చాలానే ఉన్నాయి.

స్నానమయ్యాక గుడి. 1739లో పోర్చుగీసుల నుంచి వసయి కోట గెలిచాక మరాఠా సేనాని చిమాజీ అప్పా మొక్కు తీర్చుకోవడానికి కట్టించిన గుడి అది, బయటికి కోటలాగే కనిపిస్తుంది. 52 మెట్లు. వేడినీళ్ల తర్వాత కాళ్లు సడలి ఉంటాయి, అరగంట కూర్చుని ఎక్కండి. ఆ అరగంటలోనే ఇంటి నుంచి తెచ్చుకున్న సర్వపిండి, పులిహోర తినేయొచ్చు. అక్కడ వడాపావ్ దొరుకుతుంది గానీ, స్నానం తర్వాత వేసే ఆకలికి అది ఏ మూలకు?