టేకును గుత్తకు ఇచ్చే ముందు: మహిళా రైతులకు కలప కొలత

దేవరకొండ, అచ్చంపేట వైపు చెలకల గట్ల మీద టేకు పెంచిన మహిళా రైతులు, వ్యాపారి వచ్చి చెట్లన్నిటికీ కలిపి గుత్తగా ఒక ధర చెప్పినప్పుడు, దానికి ఒప్పుకునే ముందు తామే ఒకసారి కలపను కొలుచుకోవాలి. ఇందుకు బట్టలు కుట్టేవారి టేపు, ఒక నోటు పుస్తకం, కొంచెం సున్నం చాలు.

ప్రతి చెట్టుకూ సున్నంతో నంబరు వేసి, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో కాండం చుట్టుకొలతను రాసుకోవాలి. ఎత్తు తెలుసుకోవడానికి చెట్టు ఎక్కనక్కర్లేదు. ఎండలో 4 అడుగుల కర్రను నిలబెట్టినప్పుడు దాని నీడ 3 అడుగులు, అదే సమయంలో చెట్టు నీడ 24 అడుగులు ఉంటే, చెట్టు ఎత్తు 32 అడుగులు అవుతుంది. అందులో కొమ్మలు మొదలయ్యే చోటు వరకు ఉన్న తిన్నని భాగాన్నే దుంగగా లెక్కించాలి.

నరికిన దుంగకు నడిమధ్య చుట్టుకొలతను అంగుళాల్లో తీసి, నాలుగుతో భాగించి, వచ్చిన సంఖ్యను దానితోనే హెచ్చించి, ఆపై అడుగుల్లో ఉన్న పొడవుతో హెచ్చించి, చివరకు 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. చుట్టుకొలత 40 అంగుళాలు, పొడవు 10 అడుగులు అయితే 6.94 ఘనపుటడుగులన్న మాట. నిజానికి ఆ గుండ్రటి దుంగలో దాదాపు 8.84 ఘనపుటడుగుల కలప ఉంటుంది. అంటే కోతలో పోయే తరుగు కింద ఐదో వంతుకు పైగా ఈ లెక్కలోనే తీసేసినట్టే. ఆ తరువాత కూడా కోత తరుగు పేరుతో కొలత తగ్గించమంటే ఒప్పుకోనవసరం లేదు, సన్నని కొస దగ్గర టేపు పెట్టనివ్వనూ కూడదు. లేత టేకులో చేవ (కాండం నడుమ ఉండే గట్టి కలప) తక్కువగా ఉన్నందున ధర తగ్గించమనడం మాత్రం న్యాయమే.

నీలగిరి (యూకలిప్టస్) కర్ర టన్నుల్లో అమ్ముడవుతుంది. పచ్చి కర్ర ఆరినకొద్దీ బరువు తగ్గుతుంది కనుక, నరికిన వెంటనే, ఖాళీ లారీని ముందుగా తూచి ఆపై లోడుతో తూచే కాటాకు పంపాలి.

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం టేకు చెట్లు నరకడానికి ముందస్తు అనుమతి కావాలి. టేకు దుంగలను తరలించడానికి అటవీ శాఖ పర్మిట్ వేరుగా తీసుకోవాలి. పట్టాదారు పాసు పుస్తకం మహిళ పేరున ఉంటే దరఖాస్తు కూడా ఆమె పేరుతోనే ఇచ్చి, డబ్బు ఆమె బ్యాంకు ఖాతాలోనే పడేలా ఒప్పంద కాగితంలో రాయించుకోవడం మేలు. నరికే కూలి, లారీ కిరాయి ఎవరు భరిస్తారో, వంటచెరకుకు పనికొచ్చే కొమ్మలు ఎవరివో కూడా అదే కాగితంలో ఉండాలి.