దేవ్‌మాలి చలికి వరిగడ్డి పరుపు

ఒడిశాలోని కోరాపుట్ జిల్లా దేవ్‌మాలి కొండ మీద (1672 మీటర్లు) డిసెంబరులో టెంట్ వేస్తే, ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా నేల చలికి నడుము పట్టేస్తుంది. మా గైడ్ వాళ్ళమ్మ చెప్పిన ఉపాయం ఇది. మనిషికి రెండు కట్టల ఎండు వరిగడ్డి తీసుకుని, బాగా దులిపి (తేళ్లు, పురుగులు ఉంటాయి, ఇది మాత్రం మానొద్దు), టెంట్‌లో నాలుగు వేళ్ల మందాన పరవండి. పైన బరకం, దాని మీద దుప్పటి. పక్కలకు జారకుండా బరకం అంచులు గడ్డి కిందకు మడవాలి. ఖరీదైన స్లీపింగ్ మ్యాట్ కొనక్కర్లేదు. కోతలయ్యాక గడ్డి ఊళ్ళోనే దొరుకుతుంది, అడిగి తీసుకుని ఎంతో కొంత ఇవ్వండి. మంచుకు తడిసిన గడ్డి అయితే పనిచేయదు, ఇంకా చలేస్తుంది. సాయంత్రం మంచు పడకముందే టెంట్‌లోకి చేర్చండి, నెగడుకు దూరంగా.