ఉలి జారుతోందా? ముందు మొన చూడండి

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో పెళ్లి సామాను కొంటే గిన్నెల మీద పేరు కొట్టించాకే ఇంటికి తెస్తారు. కొట్టువాళ్లు మిషన్‌తో చుక్కలు చుక్కలుగా కొట్టే పేరు కాకుండా, సన్న ఉలిని చేత్తో తోస్తూ లోహాన్ని చెక్కే నగిషీ నేర్చుకోవాలని నా కోరిక. నేర్పేవాళ్లు దొరకలేదు. పాతసామాన్ల కొట్టులో తూకానికి కొన్న ఇత్తడి రేకుల మీద సొంతంగా మొదలుపెట్టాను. అలా మొదలుపెట్టేవాళ్లకు ఎదురయ్యే ఇబ్బందులూ వాటి మందూ ఇవి.

ఉలి పట్టు దొరక్క జారిపోతోంది

అందరికీ మొదట వచ్చే బాధ ఇదే. చేతిలో బలం చాలడం లేదనుకుని ఇంకా గట్టిగా తోస్తాం, అసలు ప్రమాదం అక్కడే. అమ్మ హారతి పళ్లెం మీద ‘శ్రీ’ చెక్కుతూ కింద క్రావడి తిప్పుతున్నాను. ఉలి జారి పళ్లెం అంచు దాకా గీత పడింది. ఆ రోజు నాకు ఏడుపొక్కటే తక్కువ.

కారణం దాదాపు ఎప్పుడూ మొద్దుబారిన మొనే. మొనను బొటనవేలి గోరు మీద ఏటవాలుగా, బరువు వేయకుండా ఆనించండి. గోరుకు పట్టుకుని నిలిస్తే పదునుంది. జారితే సాన పట్టాల్సిందే. భూతద్దం ఉంటే దీపం కింద చూడండి. పదునైన మొన మెరవదు. కొసన ఇసుక రేణువంత తెల్లటి మెరుపు కనిపించిందంటే అక్కడ అరిగిందో, విరిగిందో అన్నమాట.

సాన పట్టేటప్పుడు ముఖం, అంటే ముందు వైపు వాలు, 45 డిగ్రీలు ఉంచండి. అడుగున మొనకు రెండు వైపులా చిన్న మడమ ఉంటుంది. అది 15 నుంచి 20 డిగ్రీలు. మడమ లేకపోతే పిడి రేకుకు తగిలి ఉలి పైపైనే పోతుంది. ముందు 600 నంబరు వజ్రపు పలక, తర్వాత 1200. చేయి ఊగితే కోణం గుండ్రమైపోతుంది కాబట్టి, ఆ వాలుకు కోసిన చెక్కముక్కకు ఉలిని ఆనించి రుద్దండి. పదునున్నా జారుతుంటే ఉలిని మరీ పడుకోబెట్టి తోస్తున్నారు. పిడి కాస్త ఎత్తి, మొన దిగాక మళ్లీ దించండి.

ఎడమచేతి వేళ్లు ఎప్పుడూ మొనకు వెనకే ఉండాలి. ఈ ఒక్కటీ మరవకండి.

మొన మాటిమాటికీ విరుగుతోంది

గీత చివర ఉలిని పైకి ఎగదన్నుతున్నారేమో చూసుకోండి. తోపు తగ్గిస్తూ వస్తే గీత దానంతటదే సన్నబడి ఆగుతుంది. కంచు గట్టిది, పెళుసు. చేయి కుదిరేదాకా దాని జోలికి పోవద్దు. గట్టి లోహానికి ముఖం 50 డిగ్రీలు దాటించాలి.

విరగకుండా వంగిపోతుంటే సంగతి వేరు. గ్రైండర్ వేడికి ఉక్కు నీలంగా మారి మెత్తబడింది. ఆ నీలం పోయేదాకా, నీళ్లలో ముంచుతూ అరగదీయాలి.

వంపు దగ్గర గీత పక్కన ఇంకో గీత పడుతోంది

మన అక్షరాలకు ఈ తిప్పలు ఎక్కువ. తెలుగు వంపుల మయం. ఒడియా ‘ఠ’ అయితే ఉత్త సున్నాయే. మడమ పొడవుగా ఉంటే దాని వెనక భాగం వంపు బయటి అంచును రాసుకుంటూ పోతుంది. మడమను అర మిల్లీమీటరు లోపుకు తగ్గించండి.

రెండో కారణం, ఉలిని తిప్పడం. తిరగాల్సింది రేకు. పాత జీన్స్ గుడ్డతో గుండ్రటి సంచి కుట్టి, జల్లించి ఎండబెట్టిన మహేంద్రతనయ ఏటి ఇసుక బిగువుగా నింపాను. రేకు దాని మీద ఉంటుంది. కుడిచేయి ఉన్నచోటే ఉండి మెల్లగా తోస్తుంటే, ఎడమచేయి రేకును మొనకు ఎదురుగా తిప్పుతుంది. వారం రోజులు సున్నాలే చెక్కండి. విసుగొచ్చినా మానవద్దు, నాకు అక్షరాలు కుదిరింది వాటి వల్లే.

గీత మసకగా, అంచులు గరుగ్గా ఉన్నాయి

మడమకు మెరుగు లేదు. అట్టముక్క మీద మెటల్ పాలిష్ రాసి రుద్దండి. మడమకున్న నునుపే గీత లోపలికీ వస్తుంది. రాగి బంకలా పట్టుకుంటుంది, మొనకు నూనె చుక్క తగిలించండి. నేర్చుకోవడానికి ఇత్తడే సుఖం.

రేకు కదులుతోంది

కంసాలి పద్ధతే మేలు. లక్కలో ఇటుకపొడి కలిపి చెక్క మీద పరిచి, వెచ్చగా ఉండగానే రేకు అతికించండి. పనయ్యాక కొద్దిగా వేడి చేస్తే ఊడొస్తుంది. మిగిలిన లక్క స్పిరిట్‌తో పోతుంది, మంట ఆర్పేశాకే ఆ సీసా తీయండి.

జారిన గీత పోవాలంటే?

పైపై గీతైతే నున్నటి ఉక్కు కడ్డీకి నూనె రాసి అడ్డంగా రుద్ది, సన్న నీటికాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) సరిచేయండి. లోతుగా పడితే గీకవద్దు, అక్కడ గుంట తేలుతుంది. అమ్మ పళ్లెం మీద పడింది లోతు గీతే. దాన్నే తీగ కాడగా చేసి రెండు మామిడాకులు చెక్కాను. అమ్మ ఇప్పుడూ హారతి అందులోనే ఇస్తుంది.