షాపు కంప్యూటర్‌లో విండోస్ మార్చే ముందు

విండోస్ 7కి సపోర్ట్ (భద్రతా అప్‌డేట్లు) 2020 జనవరి 14నే ఆగింది, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న. "బిల్లులు వస్తున్నాయిగా" అని నెట్టుకురావద్దు. 2017 మేలో వానాక్రై వైరస్ ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. దాన్ని ఆపే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లే దొరికిపోయారు.

• ముందు ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) బ్యాకప్. రెండు చోట్ల తీసి, వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి, నిన్నటి ఆఖరి బిల్లు కనబడుతోందో లేదో కళ్లారా చూడండి. మా కొట్లో ఒకసారి పెన్‌డ్రైవ్ తెరిస్తే ఖాళీ ఫోల్డర్ వెక్కిరించింది. డెస్క్‌టాప్ మీద పడేసిన ఎక్సెల్ ఫైళ్లనూ మరవద్దు.

• ఫార్మాట్‌కి ముందే ట్యాలీ లైసెన్స్ సరెండర్ చేయండి, అంటే ఈ కంప్యూటర్ నుంచి విడిపించండి.

• విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, టీపీఎం 2.0 (భద్రతా చిప్) కావాలి. ఇవి ఉన్నాయో లేదో పీసీ హెల్త్ చెక్ యాప్ చెప్పేస్తుంది. టీపీఎం లేదంటే కంగారొద్దు, బయోస్‌లో (విండోస్ తెరుచుకోకముందు వచ్చే సెట్టింగ్స్‌లో) ఆఫ్‌లో ఉందేమో చూడండి.

• బిల్లు ప్రింటర్, బార్‌కోడ్ స్కానర్, డిజిటల్ సంతకం టోకెన్: వీటి కొత్త డ్రైవర్లు (వీటిని నడిపే సాఫ్ట్‌వేర్) ముందే దింపుకోండి. పాత ప్రింటర్లే ఎక్కువ మొండికేస్తాయి.

• క్రాక్ (దొంగ కాపీ) విండోస్ వద్దే వద్దు.

• నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్లు గడువు తేదీలైన 11, 20కి ముందు రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. షాపు సెలవు రోజు మేలు.